వనభోజనాల్లో మైకు అడిగిన రోజు

మా ట్రస్టులో కొత్తగా చేరిన శిక్షకులు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "మేడం, మీరు కార్పొరేటర్‌గ ఉన్నప్పుడు గీ గ్రౌండు కోసం కౌన్సిల్ల మస్తు కొట్లాడిన్రట గదా?" ఎవరు చెప్పారో గానీ, ఆ కథలో నేను బల్ల గుద్ది మాట్లాడతాను, ఎదుటివాళ్లు నోళ్లు మూసుకుంటారు. వినడానికి నాకూ బాగానే ఉంటుంది. కానీ ఆ స్థలం గురించి కౌన్సిల్లో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడింది ఒక మామిడితోటలో, పప్పు ఇంకా పొయ్యి మీద ఉడుకుతుండగా. విన్నవాళ్లలో సగం మందికి కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. జరిగింది జరిగినట్టు చెప్తాను. మీలో ఎవరైనా రేపు రాజకీయాల్లోకి వస్తే పనికొస్తుంది.

నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మొదటి పోస్టింగ్ ఆదిలాబాద్‌లో, తర్వాత సర్వీసంతా కరీంనగర్‌లో. బడి పనితో పాటు చాలా ఏళ్లు జిల్లా ఖోఖో అసోసియేషన్‌కు కార్యదర్శిగా ఉన్నాను. కార్యదర్శి అంటే పెద్ద హోదా అనుకునేరు. పోటీలు జరిగే ఊళ్లో పిల్లలు పడుకోవడానికి బడి గదులు అడగడం, గుడ్లూ అరటిపండ్లూ ఇచ్చే దాతలను వెతకడం, అలిగిన అంపైర్‌ను బతిమాలి మళ్లీ మైదానంలోకి తేవడం, ఇదీ ఉద్యోగం. అడిగి అడిగి నాకు సిగ్గు పోయింది. రాజకీయాలకు కావలసిన చదువు అదేనని తర్వాత తెలిసింది.

నేను రిటైరైన కొద్దికాలానికే కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డు మహిళలకు రిజర్వు అయింది. ఒక పార్టీ నాయకులు మా ఇంటికి వచ్చి, నా పక్కనుంచే నడిచి వెళ్లి, మా సారు ఎదుట కూర్చున్నారు. మా సారు, అంటే మా ఆయన, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

"సార్, గీ సారి మన వార్డు ఆడోళ్లకు పడ్డది. మీరే నిలవడాలె" అన్నారు.

"ఆడోళ్లకు పడితే నేనెట్ల నిలవడుత?" అన్నాడు మా సారు.

"అదే సార్, పేరు మేడందుంటది. పని మీరు జూసుకుంటరు."

"నాకు రాజకీయం రాదు. ఆమెకు వస్తదో రాదో ఆమెనే అడుగుండ్రి" అని చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయాడు. అప్పుడు గానీ వాళ్లు నా వైపు తిరగలేదు.

ఒప్పుకున్నాను. మరుసటి వారం చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. అందులో మా సారు దండం పెడుతూ నిలువెత్తు ఉన్నాడు, నేను ఒక మూల పోస్టేజీ స్టాంపంత ఉన్నాను. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫోటో సంపాదించారు. "నేను ఎన్నడు గట్ల దండం పెట్టిన?" అని ఆయన రెండు రోజులు ఆలోచించాడు. గెలిచాక కూడా ఫోన్లు ఆయనకే వచ్చేవి. "ఆమె గ్రౌండుల ఉన్నది, గాడికే పోండ్రి" అని ఒకే జవాబు చెప్పేవాడు. వార్డంతా ఆయన్ని కార్పొరేటర్ సార్ అని పిలిచి ఆటపట్టించింది. ఆయన మాత్రం ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు, ఏ సభలోనూ నా పక్క కుర్చీలో కూర్చోలేదు. నలుగురి కళ్లు తన మీద పడితే ఆయనకు చెమటలు పడతాయి.

ఇక గ్రౌండు సంగతి. మా వార్డులో కాలనీ వేసినప్పుడు పార్కు కోసమని వదిలిన జాగ అది. పార్కు రాలేదు, సర్కారు తుమ్మలు వచ్చాయి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే వాటిని కొట్టించి, రెండు స్తంభాలు పాతి, ఆడపిల్లలకు ఖోఖో నేర్పడం మొదలుపెట్టాను. గ్రానైట్ పాలిషింగు పనివాళ్ల పిల్లలు, ఆటోవాళ్ల పిల్లలు. నాతో పాటు నేర్పిన శిక్షకురాలు ఆదిలాబాద్ నుంచి వచ్చింది, నా పాత శిష్యురాలే. మరాఠీ బడిలో చదివింది కనుక నన్ను మేడం అనదు, బాయి అంటుంది. మనిషి సన్నగా ఉంటుంది గానీ గొంతు విప్పితే రెండు వీధుల అవతలికి వినబడుతుంది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. వాళ్ల బాపు ఆటో నడుపుతాడు. ఆమెను రోజూ పెద్ద స్టేడియంలో సాధనకు తీసుకెళ్తానని అడిగితే ఆయన ఒక్కటే మాట అన్నాడు. "మేడం, ఇంటి ముంగట గాబట్టి ఆడనిస్తున్న. బస్సెక్కి పోవుడంటే ఆట బంద్." మిగతా తల్లిదండ్రుల మాట కూడా అదే. అంటే ఆ జాగ ఉంటేనే ఆ పిల్లలకు ఆట. అది పోతే స్టేడియం ఎంత మంచిదైనా వాళ్లకు అది వేరే ఊరే.

ఇప్పుడు మా కుల సంఘం. మాది భూములున్న కులం. భూములు అందరికీ మిగల్లేదు, పేరు మాత్రం మిగిలింది. సంఘం అధ్యక్షుడు గ్రానైట్ వ్యాపారి. వరసకు అన్న అవుతాడు. మంచి మనిషి అని ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు విలన్ కోసం వెతుకుతారు. మా బాపు పోయినప్పుడు అన్నీ ముందు నిలబడి చేసింది ఆయనే. నా పోటీలకు ఏళ్ల తరబడి అన్నదానం పెట్టిందీ ఆయనే. ఎన్నికల్లో "మన ఆడిబిడ్డ" అని ఇంటింటికీ తిరిగి మా వాళ్ల ఓట్లన్నీ ఒక్కచోట పడేట్టు చూశాడు. నేను గెలిచానంటే అందులో ఆయన చెమట ఉంది.

గెలిచిన ఏడు కార్తీకమాసంలో సంఘం వనభోజనాలు డ్యాం వైపు ఒక మామిడితోటలో పెట్టారు. మీకు తెలుసుగా, ముందు పూజ, తర్వాత సన్మానాలు, తర్వాత బంతి. నన్ను వేదిక మీదికి పిలిచారు. అన్న నాకు శాలువా కప్పి, చేతిలో బొకే పెట్టి, మైకు అందుకున్నాడు.

"మన చెల్లె గెలిచింది. గెలిచినంక మనను మరువలే. వాళ్ల వార్డుల ఖాళీగున్న జాగల మన సంఘం బిల్డింగ్ కట్టుకునెటందుకు చెల్లె మాటిచ్చింది. చప్పట్లు కొట్టుండ్రి!"

నేను ఏ మాటా ఇవ్వలేదు. ఆ సంగతి అప్పుడే మొదటిసారి వింటున్నాను. చప్పట్లు మోగాయి. నేను బొకే పట్టుకుని నవ్వాను.

ఎందుకు నవ్వానో ఆటల వాళ్లకు అర్థమవుతుంది. మా పోటీల్లో మైకు దగ్గర కూర్చునేవాడు నోటికొచ్చింది చెప్తాడు. ఆడని జట్టును గెలిపిస్తాడు, రాని ఎమ్మెల్యేకు స్వాగతం పలుకుతాడు. మైకును ఎవరూ లెక్కచేయరు, అంపైర్ ఈల వేస్తేనే లెక్క. జీవితమంతా అట్లా అలవాటైన మనిషిని, ఆ ప్రకటనను కూడా అట్లాగే తీసుకున్నాను. అన్నం ముందు గొడవెందుకు, తర్వాత విడిగా చెప్దాం అనుకున్నాను. కుల సంఘంలో లెక్క వేరు. అక్కడ మైకులో అన్నదే రిజిస్ట్రేషను, శాలువా కప్పుకుంటే సంతకం. మౌనం అర్ధాంగీకారం అంటారు గదా, మా తోటలో అది పూర్తి అంగీకారం.

విడిగా చెప్పడానికి నాలుగైదు సార్లు ప్రయత్నించాను. అన్న దుబాయ్‌లో ఉండేవాడు, హైదరాబాద్‌లో ఉండేవాడు, లేదా నా మాట పూర్తి కాకముందే "గవన్ని నాకిడిచిపెట్టు చెల్లె, నువ్వు ఫికర్ జెయ్యకు" అని ఫోన్ పెట్టేసేవాడు. నేను ఇబ్బంది పడుతున్నది పర్మిషన్ల గురించి అనుకున్నాడు పాపం. ఆ జాగ సంఘానికి ఇమ్మని కార్పొరేషన్‌లో అర్జీ పెట్టాడు, చందాలు కూడా మొదలయ్యాయి. మెట్‌పల్లి వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన మా వాళ్లు సైతం పంపారని విన్నాను.

వర్షాకాలం పోయాక ఒక ఉదయం శిక్షకురాలు ఫోన్ చేసింది. "బాయి, జల్ది రాండ్రి. గ్రౌండుల ఎవరో ముగ్గు పోసిన్రు."

వెళ్లాను. మా ఖోఖో గీతల మీదుగా, కొత్త బిల్డింగు కొలతలతో, తెల్లగా సున్నం గీతలు పోసి ఉన్నాయి. ఒక స్తంభం వంటగదిలోకి వచ్చింది, ఇంకొకటి మెట్ల కిందికి పోయింది. పిల్లలు ఆ గీతల చుట్టూ నిలబడి వాదించుకుంటున్నారు. అందరికంటే చిన్నది నా దగ్గరికి వచ్చి, "మేడం, గిది ఏం ఆటకు కోర్టు? ఎంతమంది ఆడుతరు?" అని అడిగింది.

నవ్వొచ్చింది. ఆ పిల్లకు ఏం చెప్పాలో తెలియక, "ముందు రెండు రౌండ్లు ఉరుకు పో" అన్నాను.

ఆ సాయంత్రం అన్న ఇంటికి వెళ్లాను. ఈసారి ఉన్నాడు.

"అన్నా, గా జాగ పోరగాండ్లు ఆడుకునేది. గాడ బిల్డింగ్ వద్దు."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "గదేంది చెల్లె! మాటిచ్చి మల్ల గిట్లంటవ్?"

"నేను ఇయ్యలే. నువ్వు మైకుల అన్నవ్."

"నేనంటే నువ్వు ఊకున్నవ్. ఆరు వందల మంది ముంగట ఊకున్నవ్. ఇగ ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ ఏం గావాలె?" గొంతు తగ్గించాడు. "మనోళ్లల్ల గరీబోళ్లు లేరా? బిడ్డ పెండ్లి జెయ్యాలంటే ఫంక్షన్ హాల్ కిరాయికే సగం భూమి అమ్ముతున్నరు. గాళ్ల కోసమే గదా కట్టేది."

అదీ అబద్ధం కాదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ సోఫాలో కూర్చున్నప్పుడు తెలిసింది. ఒకవైపు ఆటోవాళ్ల పిల్లలు, ఒకవైపు మా వాళ్ల పెళ్లిళ్లు. ఎదురుగా, మా బాపు పాడెకు భుజం పట్టిన మనిషి. ఏదీ తేల్చకుండా లేచి వచ్చాను, నేను మెత్తబడ్డాననుకున్నాడు ఆయన.

మరుసటి ఉదయం శిక్షకురాలు తేలిక దారి చెప్పింది. "బాయి, మీ వార్డు ఫైలు మీరు వద్దంటే ఎవ్వలు ముంగటికి జరుపుతరు? ఆఫీసుల ఒక కాయితం రాసిచ్చి ఊకోండ్రి. పని అయితది, మీ పేరు రాదు."

నిజమే. ఏ ఊరి కౌన్సిల్లోనైనా ఒక మర్యాద ఉంటుంది. ఒకరి వార్డు జోలికి ఇంకొకరు పోరు. నేను లోపాయికారీగా వద్దంటే ఆ ఫైలు కదలదు. అన్న అధికారులను తిట్టుకుంటాడు, నేను వనభోజనాలకు వెళ్లి మళ్లీ శాలువా కప్పించుకుంటాను. ఒక వారం ఆ ఆలోచనను నమిలాను. మింగుడు పడలేదు. ఆటలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మైదానంలోనే, జట్లు రెండూ ఉండగానే చెప్పాలి. ఇంటికి పోయి చెప్తే అది చాడీ. పైగా ఫైలు ఆగితే ఆగుతుంది, నేను దిగిపోయిన మరునాడు మళ్లీ నడుస్తుంది. వాళ్లకు అది నా ముఖతః తెలియాలి.

మా సారును అడిగాను. "ఏం జేద్దాం?"

"ఏడ ఊకున్నవో గాడనే మాట్లాడు" అన్నాడు పేపర్ లోంచి తల ఎత్తకుండా.

"మనను బంతిల కూసోనిస్తరా మల్ల?"

ఆయన పేపర్ మడిచాడు.

రెండో ఏడు వనభోజనాలు కూడా ఆ తోటలోనే. సన్మానాలు అయిపోతున్నాయి. నా పేరు ఈసారి పిలవలేదు, భూమిపూజ రోజున పెద్దగా చేద్దామని ఆపారట. నేనే లేచి వేదిక దగ్గరికి వెళ్లి, "అన్నా, మైకియ్యి" అన్నాను. ఆయన సంతోషంగానే ఇచ్చాడు. ఆ సంతోషం ఇప్పటికీ కళ్లలో ఉంది.

ఎన్నికల్లో వీధి వీధికీ మాట్లాడినదాన్ని, ఆ రోజు మొదటి మాటకు ముందు మైకును రెండుసార్లు తట్టి చూసుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. నేను రచ్చ ముందు గెలిచి కూర్చున్నాను, ఇంటి పరీక్ష మిగిలిపోయింది.

"నిరుడు గిక్కడ్నే అన్న ఒక మాట చెప్పిండు. జాగ నేనిస్తనన్నట్టు. నేను గట్ల అనలే. అననిది అన్నరని గప్పుడే చెప్పాలె, చెప్పలే. ఇప్పుడు చెప్తున్న. గా జాగ నాది గాదు, మన సంఘంది గాదు. గాడ పోరగాండ్లు ఆడుతున్నరు. నేనున్నన్ని దినాలు గాడ బిల్డింగ్ కానియ్య. వేరే జాగ కొందమంటే అందరి లెక్క నేను గూడ ఇస్త, మీతోని ఇంటింటికి తిరుగుత."

వంటల వైపు గరిటెలు మోగుతున్నాయి. వెనక నుంచి ఒక ముసలాయన గట్టిగానే అన్నాడు. "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" కొందరు నవ్వారు.

అన్న నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. మైకు నా చేతిలోనే ఉంది కనుక ఆయన మాట దగ్గరి వరసల వాళ్లకే వినబడి ఉంటుంది. "నిరుడు గప్పుడు ఎందుకు ఊకున్నవ్ చెల్లె?"

"అన్నం ముంగట లొల్లి ఎందుకని, అన్నా."

"మరి గిప్పుడు? గిది అన్నం ముంగట గాదా?"

ఆయన మైకు నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. లాక్కోలేదు. "మన కార్పొరేటర్ మేడం చెప్పింది ఇన్నరు గదా. ఇగ బంతికి కూసోండ్రి" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. సున్నం గీతలు రెండు వానలకు పోయాయి. ఫైలు కౌన్సిల్ దాకా రాలేదు. సంఘం బైపాసు వైపు జాగ కొని బిల్డింగు కట్టుకుంది. ఇప్పుడు దానికి బండ్లు నిలుపుకునే చోటు కూడా ఉందని అందరూ సంబరపడతారు. నేను ఇంటింటికీ తిరుగుతానన్నాను గదా, నన్ను పిలవలేదు, నా వంతు మాత్రం తీసుకున్నారు. తర్వాతి ఎన్నికల్లో పార్టీ నాకు టికెట్ ఇవ్వలేదు. "మీ సొంతోళ్లే మీకు ఎయ్యరట గదా మేడం" అన్నారు. నిజమే గదా. పదవి పోయాక నేను, శిక్షకురాలు, ఆ ఆటోవాళ్లు కలిసి ట్రస్టు పెట్టి, గ్రౌండు చూసుకునే బాధ్యతకు కార్పొరేషన్‌ను అడిగి ఒప్పించాం. అది ఇంకా పార్కు జాగే. కొత్తగా వచ్చే ప్రతి నాయకుడికీ అది ఖాళీగా కనబడుతుంది. ప్రతి ఒక్కరి దగ్గరికీ మేము వెళ్లి పిల్లల ఆట చూపించి వస్తాం. ఇక మీదట ఆ పని మీది.

అన్న ఎదురుపడితే ఇప్పటికీ ఆగి పలకరిస్తాడు. ఆరోగ్యం అడుగుతాడు. చెల్లె అని మాత్రం అనడు, మేడం అంటాడు. ఊరంతా నన్ను మేడం అనే పిలుస్తుంది, ఎవరు పిలిచినా ఏమీ కాదు. ఆయన నోట మాత్రం ఆ మాట వినబుద్ధి కాదు.

అసలు ఆ రోజు అక్కడితో అయిపోలేదు. బంతి ఉంది.

తోటలో మగవాళ్లకు ఒకవైపు, ఆడవాళ్లకు ఒకవైపు టార్పాలిన్లు పరిచారు. చెప్పాల్సింది చెప్పాం, వెళ్లిపోదామా అనుకున్నాను. వెళ్లిపోతే అలిగి పోయినట్టు. కూర్చున్నాను. నా పక్కన కూర్చోబోయిన ఒక వదిన, ఎవరో పిలిచినట్టు లేచి, అవతలి కొసకు వెళ్లింది. ఇంకో పక్కన ఉన్నామె తన విస్తరి కాస్త జరుపుకుంది, తర్వాత ఇంకాస్త. చిన్నప్పుడు నన్ను ఎత్తుకున్నవాళ్లు, నా పురుళ్లప్పుడు దగ్గరున్నవాళ్లు. బంతి నిండిపోయింది, నాకు అటు రెండు విస్తర్లు, ఇటు రెండు విస్తర్లు ఖాళీ. అన్నం వచ్చింది. పప్పు బకెట్ పట్టుకున్న అబ్బాయి నా ముందు నుంచి చూడనట్టు దాటిపోయాడు. నేను తల వంచుకుని ఒట్టి అన్నం కలుపుతున్నాను. ఏడుపు ఆపుకోవడం ఒక్కటే అప్పుడు నా పని.

మగవాళ్ల వైపు ఏదో కదిలింది. తలెత్తాను. మా సారు లేచి నిలబడ్డాడు. వడ్డించిన విస్తరి ముందు నుంచి లేవకూడదంటారు. ఆయన విస్తరితో సహా లేచాడు. రెండు చేతుల మీద దాన్ని పట్టుకుని, ఆరు వందల మంది చూస్తుండగా, రెండు బంతుల నడుమ ఖాళీ నేల దాటి వస్తున్నాడు. కారుతున్న పప్పు తెల్ల చొక్కా మీద పడుతోంది. చెమటతో ముఖం తడిసిపోయింది.

వచ్చి, "జర జరుగు" అన్నాడు. జరగడానికి అక్కడ కావలసినంత చోటు ఉంది. అయినా జరిగాను. కూర్చున్నాడు.

పప్పు అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, గిది ఆడోళ్ల బంతి."

"ఎరుకే" అన్నాడు మా సారు. "ఈమెకు పప్పు రాలే. ఎయ్యి."